గుడ్డ పట్టీలు: చింపాలా, కత్తిరించాలా?
కోనసీమలోని బండార్లంక నేత నూలు గుడ్డ అయితే చింపడమే మేలు. అంచున అర అంగుళం గాటు పెట్టి లాగితే పోగు వెంటే చీలుతుంది, వంకర రాదు. కాకపోతే చింపిన అంచులు సాగి అలలు తేలతాయి, పీచు లేస్తుంది. అందుకే రెండంగుళాల పట్టీకి రెండుంపావు చింపి, ఇస్త్రీ చేసి, పీచు కత్తిరించాలి. కొత్త గుడ్డను ముందే తడిపి ఆరబెట్టండి. లేదంటే కుట్టాక ముడుచుకుంటుంది.

జాకెట్టు మెడ పైపింగుకు (అంచు చుట్టూ కుట్టే సన్న పట్టీకి) మాత్రం కత్తెరే. దానికి కావలసిన క్రాస్ పట్టీ, అంటే పోగుకు ఏటవాలుగా తీసే పట్టీ, చింపితే రాదు, చీలిక పోగు దారినే పోతుంది మరి! నిలువు అంచు అడ్డపోగుతో కలిసేలా గుడ్డను త్రికోణంగా మడిచి, ఆ మడతకు సమాంతరంగా అంగుళంపావు వెడల్పున సుద్దతో గీయండి. కోసేటప్పుడు కత్తెర కింది రెక్క బల్లకు ఆనే ఉండాలి. గుడ్డ లేపితే వెడల్పు మారిపోతుంది. శ్రావణపు ముసురులో గుడ్డ చెమ్మగా ఉంటే, ఇస్త్రీ చేశాకే గీయండి. జార్జెట్‌కూ కత్తెరే.