కొండదారి పరుగుకు ఏ షూ? దారులు, దుకాణాలు, బసలు చూశాక నా అభిప్రాయం

ఈ యాత్రలో మేము పరుగెత్తిన దారులు ఒక్క తీరుగా లేవు. అడవి అంచున గట్టిపడిన మట్టిబాట, పైకి వెళ్లేకొద్దీ రాళ్లూ చెట్ల వేర్లూ, లోయలో వాగు దాటగానే బురద. అందుకే షూ కొనేముందు పేరునూ రంగునూ కాక, మనం పరుగెత్తబోయే నేలను తలచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

గట్టి మట్టిబాటకు సోల్ అడుగున 3, 4 మిల్లీమీటర్ల గుబ్బలు సరిపోతాయి. బురదలో 5, 6 మిల్లీమీటర్లో అంతకు మించో ఉండాలి. అయితే ఎత్తుతో పాటు గుబ్బల మధ్య ఎడం కూడా ముఖ్యమే. మా బృందంలో ఒకరి షూకు గుబ్బలు ఒత్తుగా ఉండడంతో వాటి సందుల్లో మట్టి ఇరుక్కుపోయి, కాసేపటికే సోల్ అంతా నున్నటి ముద్దగా మారి కాలు జారడం మొదలైంది. ఎడంగా ఉన్న షూ నుంచి మాత్రం అడుగు లేచిన ప్రతిసారీ మట్టి దానంతటదే రాలిపోయింది. తడి బండల దగ్గర లెక్క వేరు: అక్కడ గుబ్బల ఎత్తు కన్నా రబ్బరు మెత్తదనమే పట్టునిస్తుంది, కాకపోతే మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది. మొనదేలిన రాళ్లు ఎక్కువగా ఉన్న దారికి, సోల్ లోపల పలుచని గట్టి పలక అమర్చిన షూ అరికాలికి మంచి రక్షణ. మందపాటి ఫోమ్ కూడా దెబ్బను ఆపుతుంది గానీ, పాదం నేలకు ఎత్తులో ఉండడం వల్ల ఎగుడుదిగుడు చోట చీలమండ మడతపడే ప్రమాదం కొంత పెరుగుతుంది.

బయలుదేరే ముందు చూసిన దుకాణాల్లో ఒకచోట సైజు మాత్రమే అడిగి పెట్టె చేతికిచ్చారు. మరొకచోట ఎలాంటి దారుల్లో పరుగెత్తుతారని అడిగి, మామూలుగా వాడే సాక్స్‌తోనే షూ తొడిగించి, వాలుగా అమర్చిన చెక్క మీద కిందికి నడిపించారు. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగులుతున్నాయా అన్నది తేల్చడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. అతి పొడవైన వేలికి ముందు దాదాపు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ మాత్రం కదలకూడదు. పొద్దుపోయేసరికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం వెళ్లి కొనడం మేలు. మడమకూ ముందుభాగానికీ ఉన్న ఎత్తు తేడా, అంటే డ్రాప్, ఇప్పటి షూతో పోలిస్తే బాగా తక్కువైతే పిక్కల మీద భారం పెరుగుతుంది. అలవాటు పడేవరకూ కొద్దికొద్దిగా వాడాలి.

నీరు చొరని పొర ఉన్న షూ జల్లుకు సరే గానీ వాగుకు కాదని ఆ రెండో దుకాణం సిబ్బంది చెప్పిన మాట దారిలో అక్షరాలా నిజమైంది. తడి గడ్డిలో, సన్నటి జల్లులో ఆ పొర బాగానే పనిచేసింది. వాగులో కాలు మునిగి పైనుంచి నీరు దిగాక మాత్రం అదే పొర నీటిని బయటికి పోనివ్వలేదు. వాగులున్న దారికి త్వరగా నీరు కారిపోయి ఆరే మెష్ (జాలీలాంటి గుడ్డ) షూనే నా ఎంపిక.

అలాంటి యాత్రలో బసను కూడా ఈ కోణంలోనే చూడాలి. ఒకచోట గది విశాలంగా ఉన్నా, బురద కడగడానికి బయట కుళాయి గానీ ఆరబెట్టే చోటు గానీ లేవు. గది చిన్నదైన మరో బసలో మాత్రం గాలి ఆడే వరండా ఉంది, అడగకుండానే పాత వార్తాపత్రికలు తెచ్చిచ్చారు. ఇన్‌సోల్ బయటికి తీసి, లేసులు వదులు చేసి, కాగితం ఉండలు కుక్కి, తడిసినప్పుడల్లా మార్చితే తెల్లారేసరికి తడి చాలావరకు తగ్గింది. హీటరు పక్కన పెట్టడం మాత్రం వద్దు. వేడికి జిగురు ఊడి ఫోమ్ గట్టిపడవచ్చు. ఈ సౌకర్యం కోసమే, మళ్లీ ఆ దారులకు వెళితే నేను ఆ చిన్న గదినే తీసుకుంటాను.