పాత పెట్రోల్ కారులో ఐడిల్ ఎక్కువైతే: చవక ఓబీడీ అడాప్టర్ చాలాకాలం వాడాక

ఈఎల్ఎం327 పేరుతో కొన్ని వందల రూపాయలకే దొరికే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఇది, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని సమాచారం చదివే పరికరం. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కి తగిలించి, ఫోన్లో టార్క్ లాంటి యాప్ వేసుకుంటే సెన్సార్లు ఏం చెబుతున్నాయో కనిపిస్తుంది. ఆల్టో, వ్యాగన్ ఆర్, శాంట్రో తరహా పాత కేబుల్ థ్రాటిల్ బండ్లలో ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) దిగకపోతే కారణం పట్టుకోవడానికే దీన్ని ఎక్కువగా వాడాను. ఈ సమీక్ష ఆ ఒక్క పని గురించే.

లోపం కోడ్ చూపించేస్తుందనే ఆశతో మాత్రం కొనకండి. ఐడిల్ 1400 ఆర్‌పీఎమ్ దగ్గర నిలబడినా చాలాసార్లు చెక్ ఇంజిన్ లైటు వెలగదు. పి0507 అనే కోడ్ వచ్చినా దాని అర్థం ఐడిల్ ఉండాల్సినదానికంటే ఎక్కువుందనే. ఆ ముక్క మీటరు ముల్లే చెబుతుంది. అసలు ఉపయోగం లైవ్ డేటాది.

ముందు బండిని బాగా వేడెక్కనివ్వాలి. ఏసీ, లైట్లు ఆపేయాలి. ఈ చిన్న ఇంజిన్లకి వేడి మీద ఐడిల్ 750–900 మధ్య ఉంటే చాలు. ఏసీ వేసినప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కావాలనే ఐడిల్ పెంచుతుంది, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేటప్పుడు కూడా కొన్ని బండ్లలో కాస్త లేస్తుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు 1200–1500 ఉన్నా తప్పు లేదు.

మొదట చూడాల్సింది కూలెంట్ టెంపరేచర్. రాత్రంతా ఆగి ఉన్న బండిలో స్టార్ట్ చేయకుండా కీ మాత్రమే ఆన్ చేసి కూలెంట్, ఇన్‌టేక్ గాలి రెండు టెంపరేచర్లూ పోల్చండి. నాలుగైదు డిగ్రీల లోపే తేడా ఉండాలి. కూలెంట్ −40 చూపిస్తే వైరు తెగింది, లేదా కనెక్టర్ ఊడింది. సెన్సార్ మీదే అనుమానముంటే మల్టీమీటర్ పెట్టండి: 20 డిగ్రీల దగ్గర రెండు నుంచి రెండున్నర కిలో ఓమ్స్, 80 దగ్గర సుమారు 300 ఓమ్స్ రావాలి. వేడెక్కాక 85–95 మధ్య నిలబడితే ఈ దారి మూసేయొచ్చు.

ఊళ్ళో తిరిగేటప్పుడు 80 దాటి, హైవే ఎక్కగానే 60కి పడిపోతుంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి వెళ్ళనివ్వని వాల్వ్) సంగతి చూడండి. మన దగ్గర బండి ఒకసారి హీట్ అయిందంటే చాలు, థర్మోస్టాట్ పీకేసి ఖాళీ హౌసింగ్ బిగించేస్తారు. ఎండలు ఎక్కువ కాబట్టి అక్కర్లేదట! అది లేకపోతే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఈసీయూ ఇంకా వార్మప్ అనుకుని ఐడిల్ పైనే ఉంచుతుంది, పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. సెన్సార్ మార్చి డబ్బు తగలేసినా ఏమీ మారదు, ఎందుకంటే సెన్సార్ నిజమే చెబుతోంది. కూలెంట్ తక్కువై సెన్సార్ దగ్గర గాలి చేరినా రీడింగ్ ఇలాగే తప్పుతుంది.

రెండోది థ్రాటిల్ శాతం. కాలు తీసేసినా ఇది చాలా బండ్లలో సున్నా చూపదు, 10–17 మధ్య ఉంటుంది. అది కాదు చూడాల్సింది. కీ ఆన్‌లో థ్రాటిల్ లివర్‌ని చేత్తో పూర్తిగా మూసే వైపుకి నొక్కి పట్టండి. శాతం ఇంకాస్త తగ్గితే కేబుల్ బిగుసుకుంది, లేదా బటర్‌ఫ్లై (థ్రాటిల్‌లో గాలిని ఆపే పళ్ళెం) అంచుల్లో కార్బన్ అంటుకుంది. కేబుల్‌లో కొద్దిపాటి వదులు ఉండి తీరాలి. స్టాప్ స్క్రూ మీద పాత పెయింట్ గుర్తు చెదిరి ఉంటే ఎవరో తిప్పారన్నమాట. ఐడిల్ పెంచడానికో దించడానికో ఆ స్క్రూ తిప్పితే, థ్రాటిల్ మూసిందని ఈసీయూకి తెలియదు, ఐడిల్ కంట్రోలే మానేస్తుంది. ఈ ఇంజిన్లు కార్బొరేటర్ బండ్లు కావు, ఐడిల్ సరిచేసే స్క్రూ అది కాదు.

వాక్యూమ్ లీక్ (ఇంజిన్‌లోకి దొంగదారిన గాలి దూరడం) దగ్గర అడాప్టర్ కాస్త మోసం చేస్తుంది. ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉన్న కార్లలో లెక్కకి రాని గాలి దూరితే ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలుని ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే లెక్క) ఐడిల్‌లో ప్లస్ పది, పదిహేను దాకా వెళ్లి, 2500 ఆర్‌పీఎమ్‌లో తగ్గుతుంది. మన చిన్న కార్లలో చాలావాటికి ఉన్నది మ్యాప్ సెన్సార్, అంటే గాలి ఇంజిన్‌లోకి వెళ్ళే మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది. దూరిన గాలి మ్యానిఫోల్డ్ ప్రెజర్‌లో కలిసిపోతుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోలు పోసేస్తుంది, ట్రిమ్ మామూలుగానే కనిపిస్తుంది. ట్రిమ్ బాగుంది కాబట్టి లీక్ లేదు అని తేల్చకూడదు. మ్యాప్ సెన్సార్ సరిగ్గా ఉందో లేదో మాత్రం ఇట్టే తెలుస్తుంది: ఇంజిన్ ఆపి కీ ఆన్ చేస్తే విశాఖలో 100 కిలోపాస్కల్స్ దగ్గర, ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో 95 దగ్గర రావాలి. ఐడిల్‌లో 30–40.

ముల్లు 1000కీ 2000కీ మధ్య ఊగుతుంటే లీక్ గట్టిగానే ఉన్నట్టు. థ్రాటిల్ మూసి ఉండగా ఆర్‌పీఎమ్ ఒక హద్దు దాటితే ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది, పడిపోగానే మళ్ళీ పోస్తుంది, అదే ఊగడం. ఇక్కడినుంచి పని కటింగ్ ప్లయర్‌ది. బండి నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ప్లయర్ దవడలకి గుడ్డ చుట్టి, ఒక్కో హోసూ నొక్కుతూ ఆర్‌పీఎమ్ చూడండి: బ్రేక్ బూస్టర్ హోస్, పీసీవీ హోస్ (ఇంజిన్ లోపలి ఆవిర్లని మ్యానిఫోల్డ్‌కి పంపే వాల్వ్‌ది), ఎల్పీజీ కిట్ ఉంటే దాని కోసం వాక్యూమ్ లైన్లో పెట్టిన టీ జాయింట్లు. మన ఎండలకి రబ్బరు హోసుల చివర్ల దగ్గరే పగులుతుంది, పైనుంచి చూస్తే కనపడదు, వంచి చూడాలి. పీసీవీ నొక్కితే కొద్దిగా తగ్గడం మామూలే. పూర్తిగా నార్మల్‌కి దిగిపోతే వాల్వ్ తెరిచే ఉండిపోయింది. మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, ఇంజెక్టర్ ఓరింగ్‌ల దగ్గర కార్బ్ క్లీనర్ కొడుతుంటారు. వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంటే. సబ్బునీళ్ళ స్ప్రే చాలు, లీక్ ఉన్నచోట ఐడిల్ క్షణంపాటు దిగుతుంది.

ఐడిల్ కంట్రోల్ వాల్వ్ (థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు పక్కదారిన గాలి పంపేది) ఎన్ని స్టెప్పుల దగ్గరుందో జెనరిక్ ఓబీడీ చెప్పదు, కంపెనీ స్కానర్ కావాలి. ఈ అడాప్టర్‌కి ఉన్న పెద్ద లోటు ఇదే. చేత్తో పరీక్ష ఉంది: మ్యాప్ సెన్సార్ బండిలో గాలి హోస్ తీసేసి, థ్రాటిల్ బటర్‌ఫ్లై ముందున్న బైపాస్ రంధ్రాన్ని వేలితో మూయండి. ఐడిల్ పడిపోతే అదనపు గాలి వాల్వ్ నుంచే వస్తోంది, పడకపోతే వేరే చోటినుంచి. వాల్వ్ విప్పితే పింటిల్ (దాని కొనలోని మొన) మీద కార్బన్‌ని థ్రాటిల్ క్లీనర్‌తో, మెత్తటి బ్రష్‌తో తీయండి. మోటారులోకి కొట్టొద్దు, పింటిల్ బలవంతంగా తోయొద్దు, బయట ఉండగా కీ ఆన్ చేయొద్దు. ఓరింగ్ కొత్తది వేయండి, లేకపోతే లీక్ మీరే తయారుచేసినవారవుతారు. బిగించాక బ్యాటరీ నెగటివ్ కాసేపు తీసి పెట్టి, ఏసీ లేకుండా పది నిమిషాలు ఐడిల్‌లో వదిలితే చాలా బండ్లలో కుదురుకుంటుంది.

ఇక అడాప్టర్ బాగోగులు. మన దేశంలో ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందు బండ్లలో సాకెట్ ఉన్నా కనెక్ట్ కాకపోవచ్చు, అప్పుడు మల్టీమీటరే గతి. కే-లైన్ (పాత తరహా, నెమ్మదైన డేటా లైను) బండ్లలో రీడింగ్ నత్తనడక, అందుకే తెరమీద నాలుగు గేజ్‌లకి మించి పెట్టకండి. నకిలీ చిప్పుల్లో కొన్ని పాత ప్రోటోకాళ్ళు ఉండవు, కాబట్టి రిటర్న్ ఉన్నచోటే కొనాలి. మామూలు బ్లూటూత్ రకం ఐఫోన్‌తో కలవదు, వైఫైదో బ్లూటూత్ లో ఎనర్జీదో తీసుకోవాలి. సాకెట్లో పదహారో పిన్నుకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, పని అయ్యాక పీకేయండి. తగిలించి వదిలేస్తే పాత బ్యాటరీ దిగిపోతుంది.