విదేశీ పోస్టింగ్ పడితే ఇంటి కంప్యూటర్‌ని మోసుకెళ్లాలా, ఇంట్లోనే ఉంచి దూరం నుంచి వాడాలా? ఏది మేలు?

పోస్టింగ్ ఆర్డర్ రాగానే సూట్‌కేసులు, పాస్‌పోర్టు, టీకాలు అన్నీ గుర్తొస్తాయి కానీ టేబుల్ కింద ఉన్న కంప్యూటర్ మాత్రం చివరి వారంలోనే గుర్తొస్తుంది. పిల్లల ఫోటోలు, స్కాన్ చేసి పెట్టుకున్న కాగితాలు, ఏళ్ల నాటి ఫైళ్లు అన్నీ దాంట్లోనే ఉంటాయి, రెండేళ్లు దాన్ని ముట్టుకోకుండా ఉండటం కుదరదు. నేను రెండు పోస్టింగుల్లో దాదాపు అన్ని పద్ధతులూ వాడాను కాబట్టి ఏది ఎక్కడ పనికొస్తుందో, ఏది ఎక్కడ ఆగిపోతుందో చెప్తా.

డెస్క్‌టాప్‌నే పట్టుకెళ్లిపోవడం గురించి పెద్దగా చెప్పను. బరువు ఒకటి, వోల్టేజీ ఇంకొకటి. కొన్ని దేశాల్లో 230 వోల్టులు, కొన్ని చోట్ల 120, జపాన్‌లో అయితే 100. పాత పవర్ సప్లైల వెనకాల చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది, 115 మీద ఉన్నదాన్ని 230 ప్లగ్‌లో పెడితే ఆ సప్లై కాలిపోతుంది. ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద మాత్రం దాదాపు ఎప్పుడూ 100-240 అనే ఉంటుంది, ప్లగ్ ఆకారం మార్చుకుంటే చాలు. గేమింగ్ మెషీన్ లేకుండా గడవదు అనుకునేవాళ్లకి తప్ప డెస్క్‌టాప్ మోత దండగ.

అసలు పోటీ మూడింటి మధ్యే. ఇంట్లో కంప్యూటర్ ఆన్‌లో ఉంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో, అంటే దాని స్క్రీన్‌ని నెట్ ద్వారా ఇక్కడ చూస్తూ వాడటం, ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి మన ఇంటి రూటర్‌కే వీపీఎన్ (నెట్‌లో మనకి మాత్రమే ఉండే రహస్య దారి) పెట్టుకోవడం, లేదా డబ్బు కట్టి ఏదో ఒక వీపీఎన్ సర్వీసు కొనుక్కోవడం.

మొదటి పోస్టింగ్‌లో నేను రిమోట్ డెస్క్‌టాప్‌నే నమ్ముకున్నా. మొదటి మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది, ఇంట్లో కూర్చున్నట్టే అదే స్క్రీన్, అవే ఫోల్డర్లు. తర్వాత ఒకరోజు కరెంట్ పోయి వచ్చింది, కంప్యూటర్ మాత్రం రాలేదు. ఇంటికి ఫోన్ చేసి "నాన్నా, డబ్బా ముందు గుండ్రటి బటన్ ఉంటుంది, ఒక్కసారి నొక్కు" అన్నా. "నొక్కాన్రా, నల్ల స్క్రీన్ వచ్చింది, ఎఫ్ వన్ నొక్కమంటోంది" అన్నారు. కీబోర్డేమో నేనే బీరువాలో పెట్టి తాళం వేసొచ్చా, తాళంచెవి నా దగ్గరుంది. మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది, దాంతో కరెంట్ పోయినప్పుడల్లా బయోస్ (కంప్యూటర్ ఆన్ అవ్వగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు చెరిగిపోతున్నాయి, కరెంట్ రాగానే తనంతట తాను ఆన్ అవ్వాలని నేను పెట్టిన సెట్టింగ్ కూడా వాటితోనే పోయింది. అలా ఫైళ్లు లేకుండా ఐదు వారాలు గడిపా. ఇంకో సంగతి, డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే సౌకర్యం) పెట్టుకున్నవాళ్లకి ఇలా బయోస్ మారినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది ఆ కంప్యూటర్‌లోనే దాచుకుంటే ఉపయోగం లేదు, మనతో ఉండాలి.

దూరం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే 10,000 కిలోమీటర్ల అవతల ఉంటే వెళ్లి రావడానికే 100 మిల్లీసెకన్లు, కేబుళ్లు తిన్నగా పోవు కాబట్టి నిజానికి అంతకంటే ఎక్కువే. టైపు చేసిన అక్షరం కాస్త ఆగి కనబడుతుంది. ఎక్సెల్‌కి ఫర్వాలేదు, ఫోటో ఎడిటింగ్‌కి ప్రాణం విసిగిపోతుంది. క్యాంపులో పాత రకం శాటిలైట్ నెట్ అయితే ఇక ఆశ వదులుకోవాలి, ఆ శాటిలైట్ ఉండేది దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తులో, అర సెకను పైగా ఆలస్యం మామూలే.

రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకునే వాళ్లందరికీ దండం పెట్టి చెప్తున్నా, రూటర్‌లో 3389 పోర్టు (విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ వాడే ద్వారం) బయటికి తెరిచి వదిలేసి వెళ్లొద్దు. 2019లో బ్లూకీప్ అనే లోపం బయటపడింది, పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా పాత విండోస్ మెషీన్లలోకి దూరిపోయే లోపం అది. ఇప్పటికీ తెరిచి ఉన్న ఆ పోర్టు కోసం రాత్రింబగళ్లు వెతికే బాట్లు (తమంతట తాము నడిచే ప్రోగ్రాములు) ఉన్నాయి. పైగా విండోస్ హోమ్ ఎడిషన్‌లోకి బయటి నుంచి ఆ పద్ధతిలో కనెక్ట్ అవ్వడం కుదరదు, ప్రో కావాలి. హోమ్ ఉన్నవాళ్లు క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ లాంటివి వాడుకోవచ్చు.

డబ్బు కట్టే వీపీఎన్ సర్వీసు గురించి ప్రకటనలు చూసి చాలామంది అదే సరిపోతుంది అనుకుంటారు. అది మన దేశపు నెట్ అడ్రస్ ఇస్తుంది నిజమే, కానీ మన ఇంటి ఫైళ్లు ఇవ్వదు. ఆ అడ్రస్‌ని మనతో పాటు ఎంతమంది వాడుతుంటారో తెలీదు, అందుకే బ్యాంకు సైట్లకి అనుమానం వస్తుంది, వీడియో యాప్‌లు వీపీఎన్ ఆపమంటాయి. నాకు ఒకసారి జీతం పడిన రోజే అకౌంట్ లాక్ అయ్యింది, ఓటీపీ వచ్చే సిమ్ రోమింగ్‌లో ఉంచుకోబట్టి గట్టెక్కా. ఆ సిమ్ విషయంలో పొదుపు వద్దు.

రెండో పోస్టింగ్‌కి వెళ్లేముందు ఇంట్లో రాస్‌బెర్రీ పై లాంటి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి పెట్టి దాంట్లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రామ్ వేశా. 2020 నుంచి అది ఆ బోర్డులో నడిచే లినక్స్ సిస్టమ్ అసలు భాగంలోనే (కెర్నల్) కలిసి వస్తోంది, సెట్ చేయడం కష్టం కాదు. ఆ బోర్డు, రూటర్ రెండూ కలిపినా కరెంట్ తినేది కొంచెమే, కాబట్టి చిన్న యూపీఎస్ మీద చాలాసేపు నిలుస్తాయి. ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్ చేస్తే బ్యాంకుకి నేను ఇంట్లో ఉన్నట్టే కనబడతా, ఎందుకంటే నిజంగా మా ఇంటి కనెక్షనే అది. పెద్ద కంప్యూటర్ ఆపేసే ఉంటుంది, కావాలంటే వేక్ ఆన్ లాన్‌తో, అంటే ఆపేసిన కంప్యూటర్‌కి ఇంటి నెట్‌వర్క్‌లో సిగ్నల్ పంపి లేపుతా, ఆ సిగ్నల్ నెట్ దాటి నేరుగా పోదు కానీ ఇంట్లో ఉన్న చిన్న బోర్డు దాన్ని పంపగలదు. రోజూ కావాల్సిన ఫోల్డర్లు మాత్రం ల్యాప్‌టాప్‌లో కాపీగానే ఉంటాయి, నెట్ పోయినా పని ఆగదు.

దీనికీ చిక్కులున్నాయి. ఇంటి నుంచి మనకి వచ్చేదంతా ఇంటి కనెక్షన్ అప్‌లోడ్ స్పీడ్‌తోనే వస్తుంది, అది తక్కువైతే సినిమాలు మర్చిపోవాలి, వీడియో కాల్స్ కూడా వీపీఎన్ ఆపేసి నేరుగా చేసుకోవడమే మంచిది. రూటర్ స్టేటస్ పేజీలో ఉన్న ఐపీ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే కంపెనీ చాలా ఇళ్లని ఒకే అడ్రస్ వెనక పెట్టిందని అర్థం, అప్పుడు బయటి నుంచి వైర్‌గార్డ్ నేరుగా అందదు, టెయిల్‌స్కేల్ (అలాంటి కనెక్షన్‌లోనూ పనిచేసే వీపీఎన్) పెట్టుకోవాలి లేదా మన ఇంటికే సొంతంగా, మారకుండా ఉండే స్టాటిక్ ఐపీ అడగాలి. వెళ్లే దేశం చట్టం కూడా ముందే చూసుకోండి, చైనాలో ప్రభుత్వం ఒప్పుకున్న వీపీఎన్‌లకే అనుమతి. క్వార్టర్స్ వైఫైలో ఏది వాడొచ్చో అక్కడి అధికారిని అడిగి తెలుసుకోండి, ఆఫీసు మెషీన్‌లో మాత్రం ఇవేవీ వేయొద్దు, అక్కడ ఉద్యోగానికే ఎసరు.

నా ఓటు చిన్న బోర్డు, ల్యాప్‌టాప్ జోడీకే. రిమోట్ డెస్క్‌టాప్‌ని ఆ వీపీఎన్ లోపల నుంచి, అవసరమైనప్పుడు మాత్రమే వాడతా.

ఏది పెట్టుకున్నా బయల్దేరే నెల ముందే ఒక పరీక్ష చేయండి. ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా ల్యాప్‌టాప్‌కి ఇచ్చి ఇంటికి కనెక్ట్ అవ్వండి, అలా నడుస్తుండగానే ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపండి, యూపీఎస్ కూడా పూర్తిగా ఖాళీ అవ్వనివ్వండి, తర్వాత స్విచ్ వేసి ఏదీ ముట్టుకోకుండా పది నిమిషాలు కూర్చోండి. నాది మొదటిసారి రాలేదు, రూటర్ కంటే బోర్డు ముందు లేచి అడ్రస్ దొరక్క ఆగిపోయింది, అది సరిచేశాక వరసగా మూడుసార్లు తనంతట తానే వచ్చింది. అప్పుడు ఆ బోర్డు ప్లగ్ మీద "దీన్ని తీయొద్దు" అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించి, కీబోర్డు బయటే పెట్టి వెళ్లా.