తుపాకీ భాగాలను పసిగట్టే ప్రింటర్ సాఫ్ట్‌వేర్: ల్యాబ్‌కు సరే, చట్టానికి చాలదు

త్రీడీ ప్రింటర్‌కు వచ్చే ప్రతి ఫైలునూ ముందే చూసి, తుపాకీ భాగంలా కనిపిస్తే ప్రింట్ ఆపేయడం ఈ సాఫ్ట్‌వేర్ల పని. ఇలాంటిది పెట్టమని 2025 మార్చిలో న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ జిల్లా అటార్నీ (ప్రభుత్వం తరఫున నేరాలపై కేసులు నడిపే అధికారి) ఆల్విన్ బ్రాగ్ ప్రింటర్ల తయారీ సంస్థ క్రియాలిటీని కోరారు.

వీటిలో ఫైలు హ్యాష్‌ను, అంటే ఫైలు వేలిముద్ర లాంటి సంకేతాన్ని, తెలిసిన తుపాకీ ఫైళ్ల జాబితాతో పోల్చే రకం వేగంగా పనిచేస్తుంది, అమాయకపు ఫైళ్లను దాదాపు ఆపదు. కానీ తన జాబితాలో లేనిదేదీ దానికి తెలియదు. ఆకారాన్ని పోల్చే రకంతోనే అసలు చిక్కు. త్రీడీ ప్రింటింగ్‌లో వాడే ఎస్‌టీఎల్ ఫైలంటే వస్తువు ఆకారాన్ని చూపే త్రిభుజాల మూట, అంతే. ఆ వస్తువు దేనికో అందులో రాసి ఉండదు. అందుకే డ్రిల్లు పిడి, నాటకంలో వాడే బొమ్మ పిస్తోలు కూడా ఆగిపోవచ్చు. తనిఖీని బిగిస్తే ఇలాంటి పొరపాట్లు పెరుగుతాయి, వదులు చేస్తే అసలు తుపాకీ భాగాలే జారిపోతాయి.

కొనేముందు మీ సొంత ఫైళ్లు ఓ ఇరవై వేసి చూడండి, పిడులూ గొట్టాలూ తప్పక ఉండాలి. తనిఖీ మీ కంప్యూటర్‌లోనే జరుగుతుందా, ఫైలు బయటి సర్వర్‌కు పోతుందా అన్నది రాతపూర్వకంగా అడగండి. కొత్త డిజైన్లు చేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పొరపాటున ఆగిన ప్రింట్‌ను ఎవరు, ఎంతసేపట్లో విడిపిస్తారో కూడా తేల్చుకోండి.

పదిమంది వాడే స్కూలు ల్యాబ్‌లో, పక్కన మనిషి పర్యవేక్షణ ఉంటే, పెట్టుకోవచ్చు. ప్రతి ఇంటి ప్రింటర్‌లోనూ తప్పనిసరి చేసేంత నమ్మకం మాత్రం ఇంకా కుదరలేదు. అమెరికా 1988 చట్టం మెటల్ డిటెక్టర్‌కు దొరకని తుపాకీనే నిషేధించింది, దాన్ని తయారుచేసే యంత్రాన్ని కాదు.