ఇంటర్‌సెప్టర్ 650తో లాంగ్ టూర్: ఏ ఆయిల్, ఎంత, ఎన్నాళ్లకి

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ, సూపర్ మీటియర్, మూడింట్లోనూ ఉన్నది ఒకటే 648 సీసీ ట్విన్ ఇంజన్. కాబట్టి కింద ఇంజన్ ఆయిల్ గురించి రాసింది మూడింటికీ వర్తిస్తుంది. కంపెనీ పుస్తకం అడిగేది 10డబ్ల్యూ50 గ్రేడు, సెమీ సింథటిక్ (సగం మామూలు, సగం సింథటిక్ కలిపింది), జాసో అనే జపాన్ ప్రమాణాల సంస్థ ఇచ్చే ఎంఏ2 ముద్ర. షాపుకెళ్లి "650కి ఆయిల్ ఇవ్వండన్నా" అంటే మాత్రం నాలుగు రంగుల డబ్బాలు నాలుగు ధరల్లో మన ముందు పెడతారు. వాటిలో దేనికి డబ్బు పెట్టొచ్చు, దేనికి దండగ అన్నదే ఇక్కడ విషయం.

ముందు డబ్బా మీది అంకెలు. 10డబ్ల్యూ అంటే చలిలో స్టార్ట్ అయ్యే సంగతి. 10డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 25 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూని మైనస్ 20 దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షించి ఆ ముద్ర వేస్తారు. మన దగ్గర చలికి పేరుపడ్డ లంబసింగిలో పాదరసం సున్నా దాకా దిగితేనే పేపర్లో ఫొటో వేస్తారు. అంటే తెలుగు నేల మీద 10డబ్ల్యూకీ 20డబ్ల్యూకీ స్టార్టింగులో తేడా వెతకడం అనవసరం. జూన్‌లో లేహ్ వెళ్లేవాళ్లకీ అంతే. చలికాలంలో స్పితి వెళ్లేవాళ్లే ఆ మొదటి అంకె చూసుకోవాలి.

రెండో అంకె, ఆ 50, అసలు సంగతి. ఈ ఇంజన్‌కి రేడియేటర్లో నీళ్లుండవు, గాలీ ఆయిలే చల్లబరచాలి. ముందున్న ఆయిల్ కూలర్‌కి ఫ్యాను కూడా లేదు. బండి కదులుతున్నంత సేపూ బాగానే ఉంటుంది. మే నెలలో ట్రాఫిక్‌లో పావుగంట నిలబడితే ఆయిల్ వేడెక్కుతూనే పోతుంది, పల్చబడుతూనే పోతుంది. 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడు ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉంటే, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 మధ్య ఉంటుంది. ఎండలో ఇంజన్‌ని కాపాడేది ఈ తేడాయే. "మైలేజ్ పెరుగుతుంది" అని ఎవరైనా 10డబ్ల్యూ30 చేతిలో పెడితే వద్దనండి. అది కమ్యూటర్ బళ్లకి సరిపోయే సరుకు.

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో ఇంజన్‌కి వేరే, గేర్‌బాక్స్‌కి వేరే, క్లచ్ ఉండే ప్రైమరీ కేసుకి వేరే పోసేవాళ్లు. ఈ ట్విన్‌లో మూడింటికీ ఒకటే ఆయిల్. దాంతో రెండు చిక్కులు.

మొదటిది క్లచ్. ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి కాబట్టి ఆయిల్ మరీ జారుడుగా ఉంటే ప్లేట్లు పట్టవు. జాసో వాళ్లు ఈ పట్టునే కొలిచి ఎంఏ, ఎంఏ1, ఎంఏ2, ఎంబీ అని విడదీశారు. ఎంఏ2 అంటే గట్టి పట్టు. ఎంబీ స్కూటర్ల కోసం, దీంట్లో పొయ్యకూడదు. కారు ఆయిల్‌లో, ముఖ్యంగా 0డబ్ల్యూ20, 5డబ్ల్యూ30 లాంటి పల్చని రకాల్లో, పెట్రోలు ఆదా కోసం జారుడు పెంచే రసాయనాలు కలుపుతారు. "ఫుల్ సింథటిక్ కదా, ఇంకా మంచిది" అని అది పోస్తే మొదట్లో గేర్లు వెన్నలా పడతాయి, ఆ తర్వాత కొండెక్కేటప్పుడు అసలు రంగు బయటపడుతుంది. తెలుసుకోవడం తేలిక. ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్‌లో 60 దగ్గర పెట్టి యాక్సిలేటర్ పూర్తిగా తిప్పండి. ఆర్పీఎం ముల్లు పైకి పరిగెత్తి, స్పీడు దాని వెనక నింపాదిగా వస్తే క్లచ్ జారుతున్నట్టే. వెంటనే దింపేసి ఎంఏ2 పోసి 300 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ దింపి కొత్తది పోస్తే చాలాసార్లు దారికొస్తుంది. ప్లేట్లు అప్పటికే మాడి గాజులా నున్నబడి ఉంటే మాత్రం ప్లేట్లు మార్చాల్సిందే.

రెండోది గేర్లు. మల్టీగ్రేడ్ ఆయిల్‌ని వేడిలో కూడా చిక్కగా ఉంచేవి అందులో కలిపిన పొడవాటి పాలిమర్ గొలుసులు. రెండు గేర్ పళ్ల మధ్య పడితే అవి రోట్లో పడ్డట్టే, కొంచెం కొంచెంగా తెగిపోతాయి. 50 గ్రేడుగా పోసింది వాడేకొద్దీ 40 వైపు జారుతుంది. 10కీ 50కీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి మామూలు బేస్ ఆయిల్‌తో (రసాయనాలేవీ కలపకముందు ఉండే మూల ఆయిల్) చేస్తే ఈ గొలుసులు ఎక్కువ కలపాలి, తెగేవీ ఎక్కువే. బేస్ ఆయిలే మంచిదైతే (ఎస్టర్, పీఏఓ లాంటి సింథటిక్ రకాలు) తక్కువ కలిపినా చాలు. సింథటిక్‌కి పెట్టే డబ్బులో మనకి దక్కేది ప్రధానంగా ఇదే, పికప్ కాదు. ఆయిల్ మార్చగానే "బండి పికప్ పెరిగింది" అనేవాళ్లకి కొత్త 20డబ్ల్యూ50 మినరల్ (సింథటిక్ కాని మామూలు ఆయిల్) పోసినా అలాగే అనిపిస్తుంది.

ఇక డబ్బాల సంగతి.

కంపెనీ సొంత సెమీ సింథటిక్ 10డబ్ల్యూ50: వారంటీలో ఉన్న బండికి ఇదే పొయ్యండి, ఇంకో ఆలోచన అక్కర్లేదు. సర్వీస్ సెంటర్లో దొరుకుతుంది, ఫుల్ సింథటిక్‌తో పోలిస్తే ధర బాగా తక్కువ. నాలుగైదు వేల కిలోమీటర్ల తర్వాత గేర్లు కాస్త టకటకమంటాయి, ఆగినప్పుడు న్యూట్రల్ దొరక్క వెతుక్కోవాలి. పుస్తకం 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అంటుంది. లగేజీ, వెనక మనిషి, ఎండ, ఘాట్ రోడ్డు ఉన్న టూరింగ్‌లో దీన్ని 5,000 నుంచి 6,000 మధ్య మార్చడం మేలు.

మోటుల్ 7100, 10డబ్ల్యూ50: ఎస్టర్ ఉన్న ఫుల్ సింథటిక్, ఎంఏ2. ఈ బండికి మొదటి ఓటు దీనికే. పుస్తకం అడిగిన గ్రేడే ఇది, వెతుకులాట లేదు. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. 7100 అన్న పేరుతోనే 10డబ్ల్యూ30, 10డబ్ల్యూ40, 15డబ్ల్యూ50, 20డబ్ల్యూ50 కూడా వస్తాయి, డబ్బాలన్నీ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. షాపులో హడావిడిలో 10డబ్ల్యూ40 అంటగట్టడం మామూలే. వీటికంటే ఖరీదైన 300వీ పందెం బళ్ల కోసం చేసింది. ప్రతి రేసుకీ ఆయిల్ మార్చేవాళ్ల సరుకు, లేహ్ దాకా వెళ్లి వచ్చేవాళ్లది కాదు. దాని మీద పెట్టే అదనపు డబ్బుతో ఒక ఫిల్టరూ బ్రేక్ ఆయిలూ వస్తాయి.

షెల్ అడ్వాన్స్ అల్ట్రా, 15డబ్ల్యూ50: సహజవాయువు నుంచి తీసిన బేస్ ఆయిల్‌తో చేసిన ఫుల్ సింథటిక్. మొదటి అంకె పుస్తకంతో కలవదు, కానీ పైన చెప్పినట్టు మన ఎండలకి ఆ తేడా లెక్కలోకి రాదు. 10కీ 50కీ ఉన్నంత ఎడం 15కీ 50కీ లేదు కాబట్టి పాలిమర్ మీద ఆధారపడటం కూడా తగ్గుతుంది. వారంటీ దాటిన బండికి నిరభ్యంతరంగా పొయ్యొచ్చు. వారంటీలో ఉంటే వద్దు, రేపు ఏదైనా తేడా వస్తే సర్వీస్ సెంటర్‌లో వాదించే ఓపిక ఎవరికుంటుంది?

లిక్వీ మోలీ స్ట్రీట్ రేస్, 10డబ్ల్యూ50: సరైన గ్రేడు, మంచి ఆయిలే. చిన్న ఊళ్లలో దొరకడం కష్టం. దారిలో పావు లీటరు కావాలంటే ఏం చేస్తారో ముందే అనుకోండి. అదే కంపెనీ చిన్న డబ్బాల్లో అమ్మే కలుపుడు మందులు ఏవీ ఈ క్లచ్ ఉన్న ఇంజన్‌లో పొయ్యకండి. ఏ కంపెనీ కలుపుడు మందైనా అంతే.

డబ్బా మీది ఏపీఐ (ఆయిల్ నాణ్యతకి అమెరికా వాళ్లు ఇచ్చే ముద్ర) అక్షరాల గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఎస్ఎల్ 2001 నాటిది, ఎస్ఎన్ 2010, ఎస్‌పీ 2020. ఎంఏ2 ముద్ర ఉన్నంత వరకు వీటిలో ఏదైనా నడుస్తుంది.

ఎంత పొయ్యాలి? ఫిల్టర్‌తో సహా మారిస్తే 3.1 లీటర్లు. ఈ పాయింట్ వన్ దగ్గరే తంటా. లీటరు డబ్బాలు నాలుగు కొనాలి, నాలుగోది తొమ్మిదొందల మిల్లీ మిగలాలి. మెకానిక్ అలవాటుకొద్దీ "ఎందుకు మిగల్చడం" అని సగం దాకా వంచేస్తాడు. ఇంకొందరు స్పెసిఫికేషన్లలో పూర్తి ఖాళీ ఇంజన్‌కి పట్టే అంకె చూసి దాని ప్రకారం పోస్తారు. డ్రెయిన్ చేసినా కూలర్లో, సందుల్లో కొంత ఆయిల్ ఉండిపోతుంది కదా. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ పైపు గుండా ఎయిర్ బాక్సులోకి ఎక్కి ఫిల్టర్‌ని తడిపేస్తుంది. బండి బరువుగా లాగుతుంది, పొగ కూడా రావచ్చు. కాబట్టి మొదట 2.8 పోసి, రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపి, ఐదు నిమిషాలు ఆగి, డబుల్ స్టాండ్ మీద సమంగా నిలబెట్టి ఇంజన్ కుడివైపున లెవెల్ కనిపించే గాజు బిళ్లలో చూడండి. రెండు గీతల మధ్యకి వచ్చేదాకా కొంచెం కొంచెం కలపండి. సైడ్ స్టాండ్ మీద చూసిన లెవెల్ లెవెలే కాదు. మిగిలిన డబ్బాకి మూత బిగించి టూర్‌కి సంచిలో వేసుకోండి.

దింపేటప్పుడు ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి, అప్పుడే మడ్డి కూడా కిందికి దిగుతుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ కొత్తది వేయండి. పది రూపాయల వాషర్ దగ్గర కక్కుర్తి పడితే మూడు వందల కిలోమీటర్ల తర్వాత బోల్టు చివర చుక్క వేలాడుతుంది. దాన్ని ఆపాలని మెకానిక్ ఇంకా బిగిస్తాడు, అల్యూమినియం మర పోతుంది. కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకి వేలితో ఆయిల్ రాసి, చేత్తో తాకేదాకా తిప్పి, ఆ తర్వాత ముప్పావు చుట్టు చాలు. పాత ఫిల్టర్ రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోలేదు కదా అని తడిమి చూడండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే హైవే మీద ఆయిల్ మొత్తం వెనక టైరు మీదికి చిమ్ముతుంది.

హైదరాబాద్ నుంచి లేహ్ వెళ్లి రావడానికి ఐదు వేల కిలోమీటర్లు దాటుతుంది. బయల్దేరే ముందురోజు ఆయిల్ మార్చకండి. వారం ముందు మార్చి, ఓ 200 కిలోమీటర్లు తిప్పి, కింద అట్టముక్క వేసి రాత్రంతా చూసుకుని కదలండి. దారిలో లెవెల్ తగ్గి మీ బ్రాండు దొరక్కపోతే, ఎంఏ2 ఉన్న ఏ ఫోర్ స్ట్రోక్ 20డబ్ల్యూ50 అయినా కలిపేయండి. ఇంజన్ ఆయిల్స్ ఒకదాంతో ఒకటి కలిసేలాగే తయారవుతాయి. తక్కువ ఆయిల్‌తో నడపడమే ప్రమాదం.

మిగతా ఆయిల్స్ త్వరగా చెప్పేస్తాను. బ్రేక్‌కి డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, కానీ గాల్లో తేమ పీల్చుకుని 3.7 శాతం నీరు చేరేసరికి ఆ హద్దు 155కి పడిపోతుంది. మారేడుమిల్లి, అరకు ఘాట్లు దిగేటప్పుడు లివర్ మెత్తబడితే కారణం ఇదే కావచ్చు. రెండేళ్లకోసారి మార్చండి, సీలు తీసిన డబ్బా దాచి మళ్లీ వాడకండి. డాట్ 5.1 కలపొచ్చు. డాట్ 5 మాత్రం సిలికోన్, దాన్ని దగ్గరికి రానీయకండి. ముందు షాకబ్సర్లలో ఫోర్క్ ఆయిలే పొయ్యాలి, ఇంజన్ ఆయిల్ మిగిలిందని అందులో పొయ్యకూడదు.

చైన్‌కి ఖరీదైన స్ప్రే తప్పనిసరి కాదు. కిరోసిన్‌తో తుడిచి, 80డబ్ల్యూ90 గేర్ ఆయిల్‌ని రాత్రి బండి ఆపగానే, చైన్ వెచ్చగా ఉన్నప్పుడే లోపలి వైపు చుక్కలుగా వేయండి, పొద్దుటికి ఇంకుతుంది. వానల్లో ఇది బాగా పనిచేస్తుంది. అనంతపురం వైపు దుమ్ములో మాత్రం మట్టిని పట్టేస్తుంది, అక్కడ వ్యాక్స్ స్ప్రే నయం. పెట్రోలుతో కడిగితే చైన్ లింకుల మధ్య ఉండే రబ్బరు రింగులు ఉబ్బి పాడవుతాయి.

కొనేటప్పుడు మూత సీలు, బ్యాచ్ నంబరు చూసుకోండి. ఖాళీ డబ్బాలు పారేసే ముందు మేకుతో చిల్లు పెట్టండి, లేకపోతే అవే డబ్బాలు మళ్లీ నిండి షాపుకి చేరతాయి. దింపిన నల్ల ఆయిల్ కాలవలో పొయ్యకుండా క్యాన్‌లో పట్టి మెకానిక్‌కే ఇవ్వండి. మీ వీధిలో ఇల్లు కడుతుంటే సెంట్రింగ్ చెక్కలకి రాయడానికి మేస్త్రి అడుగుతాడు కానీ, దానికి వేరే ఆయిల్ దొరుకుతుంది, ఇది ఇవ్వకండి.