మంచు రోడ్డుకి ఏ డిఫరెన్షియల్ మేలు?

నవంబరు వచ్చిందంటే మిన్నెసోటాలో మనవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, పికప్ కొంటున్నా. వెనక లాకర్ ఉన్నది తీసుకోనా, మామూలుది చాలా?" ఇంజను బలాన్ని కుడి, ఎడమ చక్రాలకి పంచుతూ, మలుపులో అవి వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికే డిఫరెన్షియల్. మామూలు (ఓపెన్) రకంలో ఒక చక్రం జారి ఊరికే తిరిగితే రెండోదానికీ బలం అందదు. లాకర్ ఐతే రెంటినీ కలిపి బిగించి ఒకేలా తిప్పుతుంది. నాలుగు చలికాలాలు లాకర్‌తో తిరిగి, పోయిన ఏడాది దాన్ని అమ్మేసి ఓపెన్ డిఫరెన్షియల్ బండి కొన్నవాణ్ణి. నా మొగ్గు ఎటో వేరే చెప్పక్కర్లేదు.

లాకర్‌ని తిట్టను. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ చక్రం ఒకటి దిగబడితే మా నాన్న మడమతో డిఫ్‌లాక్ తొక్కేవారు. రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి బయటపడేది. మలుపు తిప్పేముందు మాత్రం కాలు తీసెయ్యాలి. మంచులో కూరుకుపోయిన బండికీ అదే మందు. ఇంటిముందు రోడ్డు మంచు తీసే ప్లౌ బండి తోసిపోయిన మంచుగట్టు దాటడానికి నా పాత పికప్ ఒక్కరోజూ నాచేత పార పట్టించలేదు.

కానీ అద్దంలా గడ్డకట్టిన రోడ్డు మీద అసలు కష్టం కదలడం కాదు, పక్కకి జారకుండా ఉండడం. అక్కడ టైరుకి పట్టు ఉన్నదే కాస్త. చక్రం గిర్రున తిరిగిందంటే ఆ కాస్తా పోయి, బండిని పక్కకి జారకుండా ఆపేది ఏమీ ఉండదు. ఓపెన్‌లో ఒక చక్రం అలా తిరిగినా, రెండోది నేలని పట్టుకునే ఉంటుంది. లాకైతే రెండూ ఒకేసారి పట్టు వదిలేస్తాయి. నాది స్విచ్ లేని ఆటోమేటిక్ రకం. ఓ జనవరి పొద్దున స్టాప్ సైన్ దగ్గర ఆగి యాక్సిలరేటర్ మీద కాలు ఆనించానంతే. రోడ్డు అంచుకి వాలుగా ఉంటుంది కదా, బండి వెనకభాగం తీరిగ్గా కుడివైపు కర్బ్ దాకా జారిపోయింది. స్పీడు పది మైళ్ళు కూడా లేదు! లాకరే కావాలంటే, ఆపుకునే స్విచ్ ఉన్నదే కొనండి.

ఇప్పటి బండిలో జారే చక్రాన్ని ట్రాక్షన్ కంట్రోల్ బ్రేకు వేసి పట్టుకుంటుంది, బలం రెండోదానికి వెళ్తుంది. డ్యాష్‌బోర్డులో పసుపు దీపం మినుకుమంటుంది, కిందనుంచి గరగరమని చప్పుడొస్తుంది, కంగారుపడకండి. అమెరికాలో 2012 మోడల్ నుంచి కార్లకీ మామూలు పికప్‌లకీ, బండి అదుపు తప్పి పక్కకి తిరక్కుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. సాధారణంగా దాంతోపాటే ఇదీ వస్తుంది.

గేర్లతో పనిచేసే టోర్సెన్ రకం డిఫరెన్షియల్ కూడా మంచిదే, ముఖ్యంగా ముందు చక్రాలతో నడిచే కార్లకి. జారే చక్రానికి ఎంత పట్టుందో దానికి కొన్ని రెట్లు బలం రెండోదానికిస్తుంది. అయితే సున్నాని ఎన్ని రెట్లు చేసినా సున్నాయే. ఒక చక్రం పూర్తిగా తేలిపోతే బ్రేకు కొద్దిగా అదిమి చూడండి, కదులుతుంది.

లోపలి ప్లేట్ల రాపిడితో రెండు చక్రాల్నీ కొంత కలిపి పట్టే క్లచ్ ప్లేట్ల రకమా? ప్లేట్లు అరుగుతాయి, ఆయిల్‌లో వేరే అడిటివ్ కలపాలి. బండితో వస్తే సరే, వెతుక్కుని కొనొద్దు.

ఆపేటప్పుడు వీటిలో దేనికీ పనిలేదు, అక్కడ టైరే దిక్కు. లాకర్‌కి పెట్టే డబ్బు మిగిల్చి, గట్టి మంచుకి పనికొస్తాయని తెలిపే, మూడు శిఖరాల కొండ మీద మంచుపువ్వు గుర్తున్న టైర్లు నాలుగూ వేయించాను. వెనక తొట్టిలో ఇరుసుకి సరిగ్గా పైన నాలుగు ఇసుక బస్తాలు వేశాను. బరువుకి బరువు, ఇరుక్కుంటే చక్రం కింద చల్లడానికీ అవే.