టిఫిన్ బండి మీద స్పీకర్ డబ్బా: రెండేళ్ల అనుభవం

పొద్దున్న ఏడున్నరప్పుడు నా చేతులు రెండూ ఖాళీగా ఉండవు. ఒక చేతిలో ఇడ్లీ రేకు, ఇంకో చేతిలో చట్నీ గరిటె. మా ఆయన పెనం వదిలి రాలేరు. స్కూలు ఆటోల వాళ్ళు, మిల్లుకెళ్ళేవాళ్ళు, బస్సు దిగినవాళ్ళు అందరూ ఆ అరగంటలోనే వస్తారు. "అక్కా, కొట్టేశాను చూడు" అని ఫోను నా మొహం ముందు పెట్టి వెంటనే తీసేస్తారు. పచ్చ టిక్కు ఒకటి కనబడుతుంది, అంకె కనబడదు. ఆవిరికి కళ్ళజోడు మసకబారి ఉంటుంది. "సరే బాబూ" అంటాను. మధ్యాహ్నం గిన్నెలు సర్దాక ఫోను తీసి లెక్క చూసుకుంటే, నేను వేసిన ప్లేట్లకీ వచ్చిన డబ్బుకీ పొంతన ఉండేది కాదు. ఒకరోజు 180, ఇంకోరోజు 90. ఒక కుర్రాడైతే వారం కిందటి పాత పేమెంటు ఫోటోనే మూడుసార్లు చూపించి తినిపోయాడు. నాలుగోసారి తారీఖు మా ఆయన కంట పడింది. వాణ్ణేమీ అనలేదు, తలొంచుకుని డబ్బులిచ్చి వెళ్ళాడు. కానీ ఆ పూటంతా నాకు మనసు మనసులో లేదు. రోజూ "తమ్ముడూ" అని పిలిచి వడ్డించినవాణ్ణి అనుమానంగా చూడాల్సి రావడం నాకు డబ్బు పోవడం కంటే పెద్ద బాధ.

అందుకే 2023 శ్రావణమాసంలో, ఫోన్లో కొట్టిన డబ్బు మనకి పడగానే పైకి చదివి చెప్పే స్పీకర్ డబ్బా పెట్టించాం. మాది తణుకు, బస్టాండుకి కాస్త ఇవతల పద్నాలుగేళ్ళుగా బండి. డబ్బా ఏ కంపెనీదో చెప్పను. పక్కన టీ కొట్టులో ఒక కంపెనీది, ఎదురు పాన్ షాపులో ఇంకో కంపెనీది ఉన్నాయి, మూడూ చేసే పని ఒకటే. నేను చెప్పేది ఇలాంటి డబ్బా పెట్టించుకోవాలా అని ఆలోచిస్తున్న చిన్న బండ్ల వాళ్ళ కోసం.

ముందు మంచి చెబుతాను, ఎందుకంటే మంచి ఎక్కువే ఉంది.

డబ్బా లోపల దాని సిమ్ దానికి ఉంటుంది. నా ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉన్నా, మా అబ్బాయి పట్టుకెళ్ళినా, ఇక్కడ అది పలుకుతూనే ఉంటుంది. అవతలివాళ్ళ ఫోనులో ఏం కనబడుతోందన్నదాంతో దానికి పనిలేదు. మన లెక్కలో డబ్బు జమైందని కబురు వచ్చాకే నోరు తెరుస్తుంది. తెలుగులో, అంకెతో సహా చెబుతుంది. నేను తల తిప్పక్కర్లేదు, కళ్ళజోడు తుడుచుకోనక్కర్లేదు. "ఎనభై" అని వినబడితే రెండు ప్లేట్ల పెసరట్టు డబ్బు వచ్చినట్టే. పెట్టించిన నాటి నుంచి పాత ఫోటో చూపించి పోయినవాడు ఒక్కడు లేడు. ఇంకో మేలు కూడా చెప్పాలి. ఎవరైనా రాత్రిపూట మన స్కానర్ మీద వాళ్ళ స్టిక్కర్ అంటించి పోతే, పొద్దున్న బోణీకే తెలిసిపోతుంది. కస్టమర్ కొడతాడు, డబ్బా పలకదు. అప్పుడు స్టిక్కర్ మీద పేరు చూసుకోవచ్చు.

చిల్లర గొడవ పోయింది. ఇది బండి నడిపినవాళ్ళకే తెలుస్తుంది. నలభై అయిదు రూపాయలు అయితే యాభై ఇచ్చేవారు, అయిదు నా దగ్గర ఉండేది కాదు, ఓ చాక్లెట్టు చేతిలో పెట్టేదాన్ని. రోజూ వచ్చే మనిషికి చిల్లర బదులు చాక్లెట్టు పెట్టడం నాకెప్పుడూ సిగ్గుగానే ఉండేది. ఇప్పుడు నలభై అయిదుకి నలభై అయిదే.

2016 నవంబరు 8 రాత్రి అయిదొందలు, వెయ్యి నోట్లు రద్దన్నప్పుడు ఈ స్కానర్లేవీ మా దగ్గర లేవు. యూపీఐ అదే ఏడాది ఏప్రిల్లో మొదలైందని మా అబ్బాయి తర్వాత చెప్పాడు, మాకు అప్పట్లో ఆ మాటే తెలియదు. కొత్త రెండు వేల నోటు పట్టుకుని ఇరవై రూపాయల ఇడ్లీకి వచ్చేవాళ్ళు. ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను? తినమని పెట్టి పద్దు పుస్తకంలో పేర్లు రాసుకున్నాను. పేరు తెలియనివాళ్ళని "నీలం చొక్కా, లారీ క్లీనరు" అని రాసుకున్నాను. సంక్రాంతి లోపల దాదాపు అందరూ వచ్చి ఇచ్చి వెళ్ళారు. స్కానర్ మా బండికి వచ్చింది 2020 కరోనాలో, నోటు ముట్టుకోవడానికే జనం భయపడ్డ రోజుల్లో. ఆ ఏడాది జనవరి నుంచే యూపీఐ మీద వ్యాపారి దగ్గర కమిషను పట్టకూడదన్న నిబంధన ఉంది. అందువల్ల స్కానర్ ఖర్చు సున్నా. డబ్బాకి మాత్రం అద్దె ఉంటుంది, ఈ రెండూ కలిపేసుకోకండి.

అద్దె దగ్గరే నాకు మొదటి చిక్కు వచ్చింది. పెట్టడానికి వచ్చిన కుర్రాడు ఏడాదిపాటు అద్దె లేదన్నాడు. మూడో నెల నుంచే నెలకి 125 చొప్పున నా డబ్బులోంచే పట్టుకున్నారు. చేతికిచ్చే డబ్బైతే ఇవ్వను అని అడ్డం పడేదాన్ని. ఇది మనకి వచ్చేదాంట్లోంచే కోసుకుని మిగతాది వేస్తారు, చూసుకుంటే తప్ప తెలియదు. ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటుంది. మనిషి గొంతు వినబడడానికి నాలుగు రోజులు పట్టింది, డబ్బు తిరిగి రావడానికి ఇరవై రెండు రోజులు. పెట్టించుకునేటప్పుడు అద్దె ఎంతో, ఎప్పటినుంచో కాగితం మీదైనా మెసేజ్‌లోనైనా రాయించుకోండి. నోటిమాట నమ్మకండి.

రెండోది, డబ్బా మూగబోవడం. వాన పడి సిగ్నల్ లేనప్పుడు, బ్యాంకు సర్వరు నిలిచినప్పుడు, రాత్రి ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయినప్పుడు. కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, ఇక్కడ చప్పుడుండదు. "పడిందా అక్కా?" "ఇంకా పడలేదు బాబూ." ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు, ఇద్దరికీ ఇబ్బందే. దీనికి రిజర్వు బ్యాంకు 2019లోనే పద్ధతి పెట్టింది. కొట్లో యూపీఐ చేస్తే డబ్బు కట్టయి, మనకి చేరినట్టు కబురు రాకపోతే, అయిదు రోజుల్లో అదే వెనక్కి వెళ్ళాలి. దాటితే రోజుకి వంద చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది తెలిశాక నేను ఎవర్నీ రెండోసారి కొట్టమనడం మానేశాను. నంబరు రాసుకుని పంపేస్తాను. సాయంత్రానికి పడితే సరే, వాళ్ళకి వెనక్కి వెళ్తే మర్నాడు ఇస్తారు. కూలికెళ్ళే మనిషి ఫోనులో అరవై రూపాయలే ఉంటే, రెండోసారి కొట్టమంటే ఏం కొడతాడు?

మా దగ్గరికి రోజూ వచ్చే రిటైర్డ్ మాస్టారు యూపీఐ లైట్ పెట్టించుకున్నారు. దాంట్లో ముందే కొంత సొమ్ము వేసుకుంటే, చిన్న మొత్తాలకి పిన్ కొట్టక్కర్లేదు. ప్రతి ఇడ్లీకీ బ్యాంకు సర్వరు దాకా వెళ్ళే పని లేదు కాబట్టి ఆగిపోవడం తక్కువ. పాసుపుస్తకం కూడా ముప్పైలు, నలభైలతో నిండదు. డబ్బా దానికీ మామూలుగానే పలుకుతుంది. చూపు ఆననివాళ్ళకి, చేతులు వణికేవాళ్ళకి పెట్టించండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ముఖ్యంగా.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. నేను అసలు రాద్దామనుకున్నది వేరే ఉంది.

ఈ డబ్బా అరుస్తుంది. నాకొక్కదానికే చెబితే బాగుండేది, వీధికంతా చెబుతుంది. గల్లాపెట్టె ఉన్నన్నాళ్ళూ దాని మూత నా చేతిలో ఉండేది. లోపల ఎంతుందో నాకూ, మా ఆయనకీ తెలుసు. ఇప్పుడు బెంచీ మీద కూర్చున్న ప్రతివాడూ మా బేరం లెక్కపెట్టుకోవచ్చు. మేం రోజువారీ ఫైనాన్సులో కొంత తీసుకున్నాం, రోజుకి రెండొందలు కట్టాలి. ఆ వసూలు అబ్బాయి పదిన్నరకి వస్తాడు. మునుపు బేరం లేని రోజున పెట్టె మూత తీసి చూపించి, "ఇవాళ లేదు బాబూ, రేపు కలిపిస్తాను" అనేదాన్ని, వెళ్ళేవాడు. ఇప్పుడు బండి పక్కన నిలబడి డబ్బా మాటలు వింటాడు. "ఇప్పుడేగా అమ్మా నూట ఇరవై పడ్డాయి, అంతకుముందు తొంభై" అంటాడు. పడ్డమాట నిజమే. కానీ మా డబ్బా కంపెనీ ఆ డబ్బుని బ్యాంకు ఖాతాలో వేసేది మర్నాడు పొద్దున్న. డబ్బా వచ్చిందంటుంది, నా చేతిలో ఉండదు. ఉల్లిపాయలకీ, కొబ్బరికాయలకీ ఆ సాయంత్రం కావలసింది చేతిలో డబ్బు. ఈ తేడా అతనికి చెప్పడానికి నాకు నెల పట్టింది. మీరు పెట్టించుకునేటప్పుడు తప్పకుండా అడగవలసిన ప్రశ్న ఇది: అదే రోజు ఖాతాలో పడుతుందా, మర్నాడా?

ఇంకొకటి. మా దగ్గర గిన్నెలు కడిగే అమ్మాయి ఉంది. రోజుకి మూడొందల యాభై. బేరంలో సగం పైగా ఫోన్లోనే వస్తోంది కాబట్టి, ఒకరోజు నోట్లు చాలక, "నీ ఖాతాలో వేస్తానమ్మా" అన్నాను. దాని మొహం మారిపోయింది. "వద్దక్కా, నా కూలి నా చేతికే ఇవ్వు" అంది. ఖాతా దానిదే, కానీ నంబరు వాళ్ళాయన ఫోనుది. డబ్బు పడగానే మెసేజు అతనికి వెళ్తుంది. ఈ అమ్మాయి ఇల్లు చేరేసరికి అతను అడుగుతాడు. చేతికిస్తే మూడొందల యాభైలో యాభై తీసి, పిల్ల పుస్తకాలకని ఎక్కడో దాచుకుంటోంది. ఎక్కడో నేను అడగలేదు.

మా అమ్మ పోపులపెట్టె అడుగున అలాగే దాచేది. నేనూ దాచాను, అబద్ధమెందుకు. మా అమ్మాయికి కాలేజీలో మొదటి ఫీజు కట్టింది ఆ డబ్బుతోనే. ఫోన్లో పడ్డ డబ్బుని పోపులపెట్టెలో పెట్టలేం. ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎక్కడికి పోయింది, అన్నీ రాసి ఉంటాయి. ఆ రాసి ఉండడం వల్లే ఎంతోమందికి అప్పు పుడుతోందని బ్యాంకులో చెప్పారు. నిజమే అయుండొచ్చు. కానీ ఆడవాళ్ళు కొందరికి రాసి లేని యాభై రూపాయలే ఆధారం. ఆ రోజు నుంచి పొద్దున్న తొమ్మిది లోపు వచ్చిన నోట్లలోంచి ముందు ఆ అమ్మాయి కూలి విడిగా తీసి, వేరే డబ్బాలో వేసి మూత పెడుతున్నాను. మిగతావి తర్వాత.

నోటు ఇచ్చేవాళ్ళని చులకన చేయకండి అని కూడా తోటివాళ్ళకి చెబుతున్నాను. మా రాష్ట్రంలో ఒకటో తారీఖున ముసలివాళ్ళకి పింఛను ఇంటికే తెచ్చి చేతికిస్తారు, 2024 జులై నుంచి నాలుగు వేలు. మాకు ఒక తాత ఉన్నాడు. ఆ రోజున వచ్చి రెండు గారెలు తిని నోటు ఇస్తాడు. మిగతా నెలంతా బిళ్ళలే. ఎదురు షాపులో "స్కానర్ కొట్టు తాతా, చిల్లర లేదు" అన్నారని ఒకరోజు ఆకలితో ఇటొచ్చాడు. మావైపు పది రూపాయల బిళ్ళ చెల్లదని చాలామంది తీసుకోరు. పద్నాలుగు రకాల పది రూపాయల బిళ్ళలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. నేను తీసుకుంటాను. బ్యాంకువాళ్ళు "మేం తీసుకోం" అంటే ఆ మాట చెప్పి కూర్చుంటాను, తీసుకుంటారు.

మోసాల గురించి ఒక్క మాట. "డబ్బా కేవైసీ చేయాలి, ఫోనివ్వండి" అని ఒకడు మెడలో కార్డు వేసుకుని వచ్చాడు. ఇవ్వలేదు. డబ్బు తీసుకోవడానికి మనం పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, ఎవడైనా కొట్టమంటే దొంగ. డబ్బు పోయిందనిపిస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

మార్కులు వేయమంటే పదికి ఏడు వేస్తాను. తీసేయను. పొద్దున్న ఆ అరగంటలో అది నాకు మూడో చెయ్యి. కానీ పదిన్నర అయ్యేసరికి సౌండు బాగా తగ్గించి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాను.

అంకె చిన్న తెర మీద చూపించే డబ్బాలు కూడా వస్తున్నాయట. చప్పుడు "టింగ్" మని ఒక్కటే వచ్చి, ఎంతో నాకు మాత్రమే కనబడితే, ఇంకో పాతిక ఎక్కువైనా అద్దె కడతాను. మీలో ఎవరైనా వాడుతుంటే, ఎండలో ఆ అంకెలు కనబడుతున్నాయో లేదో, ఆవిరికి తెర ఆగుతుందో లేదో చెప్పండి.